అవతలి వైపు మనిషి

క్లెమ్ పెంగెల్లీకి ఏ పని చెయ్యాలన్నా అవతలి వైపు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మంచమో బల్లో ఎత్తడానికైతే ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన సార్డీన్ చేపల డబ్బా మూత తియ్యాలన్నా పక్క కారవాన్ తలుపు తట్టి, "ఒక్క నిమిషం పట్టుకుంటావా?" అనేవాడు.

మా కారవాన్ పార్కు, అంటే చక్రాల ఇళ్ళు వరసగా నిలిపే చోటు, సముద్రం ఒడ్డున, జెట్టీ పక్కన ఉంది. సెలవులకి వచ్చిపోయేవాళ్ళు సగం, వచ్చి పోవడం మరిచిపోయిన మాలాంటివాళ్ళు సగం. క్లెమ్ రెండో రకం. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా లాగు, మోకాళ్ళ నుంచి మేజోళ్ళు, నడుముకి ఒక స్క్రూడ్రైవరు. ఆ స్క్రూడ్రైవరు ఎండలో తళుక్కుమంటే చాలు, పడక కుర్చీల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళందరికీ ఒక్కసారిగా నిద్ర ముంచుకొచ్చేది.

ఒకసారి బల్బు మారుస్తూ డార్సీని స్విచ్చి పట్టుకోమన్నాడు. డార్సీ గొర్రెల బొచ్చు కత్తిరించి కత్తిరించి రిటైరైనవాడు. నడుం పోయింది కానీ నోరు పోలేదు.

"స్విచ్చి గోడకే ఉంది కదయ్యా, ఎక్కడికి పోతుంది?"

"పోదనుకో మేట్. కానీ నువ్వు పట్టుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

డార్సీ గొణుక్కుంటూ పట్టుకున్నాడు. పనంతా అయ్యాక తెలిసింది, ఆ బల్బుకి ఆ స్విచ్చి కాదు.

ఇంకోసారి జెట్టీ మీద క్లెమ్ గాలానికి మంచి చేప పడింది. మరీ చిన్నదైతే నీళ్ళలో వదిలెయ్యాలి కాబట్టి కొలవాలి. మా వరసలో చివరి కారవాన్ షిర్ల్‌ది. ఆమె చేత టేపు ఒక కొస పట్టించి, రెండో కొస తను పట్టుకున్నాడు. చేపని పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. అది ఇద్దర్నీ ఓసారి చూసి, ఎగిరి సముద్రంలో పడింది.

"ఎంతైతేనేం, టేపు బాగా బిగుతుగా పట్టుకున్నావ్ షిర్ల్," అన్నాడు క్లెమ్.

మావారు రెక్స్ ఉన్నన్నాళ్ళూ ఆ ఉద్యోగం ఎక్కువగా ఆయనదే. క్లెమ్ పిలవడం, ఈయన వెళ్ళి పట్టుకోవడం. వంట వేళకి మాత్రం ఠంచనుగా తిరిగొచ్చేవాడు. నేను స్టవ్ ముట్టించబోయే ముందు, "గాలి ఎటు వీస్తోందో చూసొస్తా" అని బయటికెళ్ళి అంతలోనే వచ్చేసేవాడు. ఎటు వీస్తోందో ఏనాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చలికాలంలో రెక్స్ పోయాడు. ఆ తర్వాత నేను స్టవ్ ముట్టుకోలేదు. టోస్టు, బిస్కట్లు, టీ. ఒక్క మనిషికి అవి చాలు. చాలవని మా అక్క గ్వెన్ ఫోన్ చేసింది.

"ఏం తిన్నావ్?"

"తిన్నాలే."

"తిన్నావా అని కాదు నోలీన్, ఏం తిన్నావని అడిగాను."

నేను బిస్కట్ల డబ్బా మూత పెట్టాను.

"ఆదివారం వస్తున్నా. నా కళ్ళ ముందు ఆ స్టవ్ మీద వండి పెట్టు. పెట్టావా, అక్కడే ఉండు, నేనేమీ అనను. లేదంటే నా కార్లోనే ఆడిలైడ్ వచ్చేస్తున్నావ్. ఆ డబ్బా అమ్మేద్దాం."

గ్వెన్ అన్నదంటే అన్నదే. నాకేమో ఆ డబ్బా వదిలి వెళ్ళాలని లేదు. సరే, ముందోసారి వండి చూద్దామని ఆ రోజే గొర్రె చాప్స్, అంటే ఎముకతో ఉన్న మాంసం ముక్కలు, తెచ్చి, ఉల్లిపాయలు కోసి, పెనం పెట్టి, పొగ లాగే ఫ్యాను వేశాను. ఫ్యాను పెద్ద గొంతుతో అరిచింది కానీ పొగ మాత్రం బయటికి పోకుండా తిరిగి నా మొహం మీదకే వచ్చింది. పైన పొగ అలారం మోగడం మొదలెట్టింది. పొగలో తలుపెక్కడుందో తెలియక బీరువా తలుపు తెరిచి అందులోకి అడుగుపెట్టబోయాను.

అందరికంటే ముందు స్క్రూడ్రైవరు వచ్చింది, దాని వెనక క్లెమ్.

"ఎవరైనా పట్టుకోవాలా?" అన్నాడు అలవాటుగా.

"పట్టుకోవడం కాదు క్లెమ్, ఫ్యాను చెడిపోయింది. ఆదివారం మా అక్కొస్తుంది, దాని ముందు వండలేకపోతే నన్ను తీసుకుపోతుంది."

ఆయన కారవాన్ చుట్టూ తిరిగి గోడకి బయట వైపు, పొగ పోయే కన్నానికున్న వెంటు మూత ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఎవర్నీ పిలవకుండా, ఏమీ పట్టుకోమనకుండా ఊరికే చూశాడు. నాకు కాస్త భయమేసింది.

"మూత మార్చాలి," అన్నాడు చివరికి.

"ఏమైంది దానికి?"

"పాతబడింది."

"నేనూ పాతబడ్డాను కదా."

"నీకు స్పేర్లు దొరకవు పిల్లా," అని మేజోళ్ళు పైకి లాక్కున్నాడు. "నువ్వు లోపల ఉండి పట్టుకోవాలి."

ఏం పట్టుకోవాలో ఆయనకీ తెలిసినట్టు లేదు. అటూ ఇటూ చూసి చెక్క గరిటె నా చేతికిచ్చి, ఫ్యాను వెనక గోడకి ఆనించి గట్టిగా నొక్కమన్నాడు. ఆయన బయటికెళ్ళాడు. గోడకి ఇటు నేను, అటు ఆయన.

"కుడికి జరుపు!"

జరిపాను.

"అటు కాదు, కుడికి!"

"నా కుడా, నీ కుడా?"

"గోడ కుడి!"

"గోడకి కుడేమిటి క్లెమ్?"

కాసేపు బయట ఆలోచన జరిగింది. "సముద్రం వైపు!"

"లోపలికి సముద్రం కనిపించదు!"

"అయితే ఫ్రిజ్ వైపు!"

ఫ్రిజ్ సముద్రం వైపు లేదు. ఎటు జరపాలో తేలక గరిటెని పైకెత్తాను. "అదీ! అక్కడే ఉంచు!" అన్నాడు.

అప్పటికే కుర్చీ వేసుకు కూర్చున్న డార్సీ అరిచాడు. "ముందు మీ ఇద్దర్లో బయట ఎవరున్నారో తేల్చుకోండి!"

క్లెమ్ పాత జిగురు గీకి, తుప్పు స్క్రూలు ఒక్కొక్కటే తీశాడు. ఎండకి ఎండిపోయిన ప్లాస్టిక్ మూత ఫట్‌మని ఆయన చేతిలోనే ముక్కలైంది. కన్నంలోంచి వెలుగొచ్చింది, వెలుగులో క్లెమ్ కన్ను కనిపించింది.

"వచ్చేసింది," అంది ఆ కన్ను.

కొత్తది వచ్చేదాకా కన్నానికి ఏదో ఒకటి కప్పాలి. అట్టపెట్టె వైన్ లోపలుండే వెండి సంచీ అయితే నీళ్ళు దిగవని క్లెమ్ చెప్పాడు. డార్సీ దగ్గర ఒకటుంది కానీ అందులో ఇంకా వైన్ ఉంది. పొరుగు మనిషి అవసరం కదా అని డార్సీ ఆ సాయంత్రమే దాన్ని ఒంటరిగా ఖాళీ చేసి ఇచ్చాడు.

కొలత దగ్గర అసలు గొడవ మొదలైంది. క్లెమ్ పగిలిన ముక్కల్ని బల్ల మీద పేర్చి నా చేత టేపు పట్టించి కొలిచాడు. తీరా తెచ్చిన మూత గోడలో సగం కప్పేసింది. ఈసారి కన్నాన్నే కొలుద్దామన్నాను. కొలిచాం. రెండోది కన్నంలోంచి జారి లోపల నా పెనంలో పడింది.

మా పార్కులో సాయంత్రం ఐదయ్యేసరికి ఎవరి కుర్చీ, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని షిర్ల్ పందిరి కింద చేరతారు. రెక్స్ పోయాక నేను వెళ్ళలేదు. క్లెమ్ వచ్చి తలుపు కొట్టాడు.

"రా. కొలతేమిటని అందరూ అడుగుతున్నారు."

"నువ్వే చెప్పు."

"టేపు పట్టుకున్నది నువ్వు. నాకేం తెలుసు?"

చెప్పి వచ్చేద్దామని వెళ్ళాను. కన్నం కొలవాలని ఒకరు, స్క్రూల మధ్య దూరం కొలవాలని ఒకరు, కారవాన్‌నే మార్చెయ్యమని డార్సీ. వాళ్ళ వాదనలో నాకున్న కాస్త అవగాహన కూడా పోయింది. ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు, షిర్ల్ సూపు పోసింది. లేచి చూసేసరికి సూర్యుడు నీళ్ళలోకి దిగిపోయాడు. మర్నాడూ వెళ్ళాల్సి వచ్చింది, కొలత మారింది కాబట్టి. ఆ మర్నాడూ.

మూడో మూత సరిపోయింది. శనివారం బిగించారు. క్లెమ్ పాలడబ్బాల పెట్టె మీద ఎక్కితే ఆ పెట్టె డార్సీ పట్టుకున్నాడు, స్క్రూలు షిర్ల్ టోపీలో పట్టుకుంది, నేను లోపల గరిటె పట్టుకున్నాను.

"చెయ్యి లాగేస్తోంది క్లెమ్!"

"వదలకు! గోడ కదులుతుంది!"

"ఇన్నాళ్ళూ ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

బయట ఇంకో స్క్రూ తిరిగింది.

ఆదివారం గ్వెన్ వచ్చింది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కోటు విప్పకుండా, పరీక్ష పెట్టే టీచర్‌లా కూర్చుంది. నేను చాప్స్ వేసి ఫ్యాను నొక్కాను. పొగ లేచింది, నా వైపు ఓసారి తిరిగింది, మళ్ళీ మనసు మార్చుకుని గోడలోకి వెళ్ళిపోయింది. బయట కొత్త మూత టపటపమని చప్పట్లు కొట్టింది. అలారం నోరెత్తలేదు. గ్వెన్ తిని, రొట్టె ముక్కతో ప్లేటంతా తుడిచి అది కూడా తిని, "సరే," అంది. కోటు అప్పుడు విప్పింది.

వెళ్ళేముందు కారవాన్ చుట్టూ తిరిగొచ్చి, "ఈ మూతకి గడియలు లేవేంటే?" అంది.

"గడియలేంటి?"

"పాతదానికి రెండు గడియలుండేవి కదా. దారిలో దుమ్ము రాకుండా మూసేవి. బండి కదలడం మానేసి ఇన్నేళ్ళయినా రెక్స్ అవి వెయ్యడం మానలేదు. నువ్వు వంట మొదలెట్టే ముందు బయటికొచ్చి తీసేవాడు, అయ్యాక మళ్ళీ వేసేవాడు. ఈస్టర్‌కి వచ్చినప్పుడు ఇక్కడే కూర్చుని చూశాగా."

గాలి ఎటు వీస్తోందో చూడ్డమంటే అదన్నమాట.

గ్వెన్ కారు వెళ్ళిపోయాక ఐదింటికి పందిరి కిందికి వెళ్ళి నేరుగా క్లెమ్ ముందు కుర్చీ వేసుకున్నాను.

"ఫ్యాను చెడిపోలేదు. గడియ వేసుంది. నీకు మొదటి రోజే తెలుసు."

క్లెమ్ గ్లాసులోకి చూశాడు. "తెలుసు."

"తిప్పితే పోయేదానికి ఇంత పని ఎందుకు?"

"తిప్పితే ఆ పూటకి పోతుంది. రేపు మళ్ళీ ఎవరో తిప్పాలి. అది రెక్స్ పని." మోకాలు రుద్దుకున్నాడు. "ఇదైతే ఫ్యాను గాలి తగలగానే దానంతటదే తెరుచుకుంటుంది. బయట ఎవరూ ఉండక్కర్లేదు పిల్లా."

తోచింది అడిగాను. "మరి నేను గరిటె పట్టుకుంది దేనికి?"

క్లెమ్ సముద్రం వైపు తిరిగాడు. షిర్ల్ ఫక్కున నవ్వింది.

"దేనికేంటి! తుంటి ఆపరేషన్‌కి నేను ఆస్పత్రికెళితే, నా వెంటు మూత ఇతనొక్కడే మార్చేశాడు. టీ చల్లారేలోపు అయిపోయిందట. అప్పుడు పిలవడానికి తలుపేసుకుని కూర్చున్నవాళ్ళెవరూ లేరు మరి. నేను తిరిగొచ్చి తలుపేసుకున్నానా, చేప కొలవాలని వచ్చాడు."

"అయితే నా స్విచ్చి?" అన్నాడు డార్సీ. తర్వాత తనూ తలుపేసుకు కూర్చున్న రోజులు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. డార్సీ నోరు మూసుకోవడం అందరం అప్పుడే చూశాం.

క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"మరి కొలత తప్పడం కూడా కావాలనేనా?" అన్నాను.

"లేదు లేదు," అన్నాడు కంగారుగా. "అది నిజంగానే తప్పాను."

మర్నాడు సాయంత్రం మళ్ళీ చాప్స్ వేయించాను, అందరికీ సరిపడా. పెద్ద పళ్ళెంలో సర్ది, క్లెమ్ తలుపు తట్టాను.

"ఒక్క నిమిషం పట్టుకుంటావా?"

ఆయన స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ వచ్చాడు. "ఏంటి పట్టుకోవాల్సింది?"

"పళ్ళెం, అవతలి వైపు."

ఒక్క క్షణం నా మొహం చూశాడు. ఇంకేమీ అడగకుండా పట్టుకున్నాడు. పళ్ళెం మధ్యలో, ఎదురెదురుగా ఇద్దరం, గడ్డి మీద అడుగులో అడుగేసుకుంటూ బయల్దేరాం.

"పళ్ళానికి ఇద్దరేంటయ్యా?" పందిరి కింది నుంచి డార్సీ అరిచాడు.

"బరువుగా ఉంది!" అన్నాను.

"కుడికి తిరుగు," అన్నాడు క్లెమ్.

"నీ కుడా, నా కుడా?"

ఇద్దరం తలో వైపు తిరిగాం. చాప్స్ మాత్రం ఒక్కటీ పడలేదు.