వరిలో మునిగిన రైలు

మా చిన్నప్పుడు బాన్సువాడకు రైలు లేదు... ఇప్పుడూ లేదనుకోండి, అది వేరే సంగతి. అయినా బాన్సువాడ రైల్వేస్టేషన్ కట్టినవాళ్ళం మేమే. మా బడి ఎగ్జిబిషన్ కోసం... నేనూ, మా మేనమామ కొడుకు గంగారాం బావా.

బావది నస్రుల్లాబాద్ దగ్గరి పల్లె. చదువు కోసం మా ఇంట్లో ఉండేవాడు. ఇద్దరం రైలును పుస్తకంలో బొమ్మగా చూసినవాళ్ళమే. యంత్రాల విభాగంలో ఫస్టొచ్చినవాళ్ళను నిజామాబాద్‌లో జిల్లా ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతామని, అక్కడ నిజం రైలును చూపిస్తామని హెడ్మాస్టరు చెప్పాడు. ఇక బావ మనిషి మనిషిలా లేడు.

"బామ్మర్దీ... ఎట్లనన్న జేసి రైలు సూడాలెరా. ఒక్కపారి సూస్తె సాలు."

పాత తలుపు రెక్కను రెండు బెంచీల మీద పరిచాం. వెదురు బద్దలు పట్టాలు, అగ్గిపెట్టెలు రైలుడబ్బాలు, సోడా మూతలు చక్రాలు. దారం లాగితే బండి కదిలేది. ఇంజన్‌లో ఊదుబత్తి ముక్క గుచ్చితే పొగ... పసుపు పూసిన పెంకు మీద నల్లగా ఊరి పేరు. చీపురుపుల్లకు ఎర్ర గాజుముక్క అంటిస్తే సిగ్నలు.

పట్టాల పక్కన పొలాలు ఉండాలి కదా? ఇంకెవరైనా అయితే రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపి చల్లేవాళ్ళు. బావ అట్లా చేస్తాడా? వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి, మొలకలొచ్చాక తలుపు మీద పరిచిన మన్నులో అలికాడు. ఎగ్జిబిషన్ నాటికి నారు వేలెడంత ఉండాలని లెక్క. ఆ లెక్క తప్పలేదు... తప్పింది ముఖ్య అతిథి.

ఈ ముఖ్య అతిథులనే జాతి గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. వీళ్ళకు ఏమీ తెలియనక్కర్లేదు. దండ పట్టేంత మెడ ఉంటే చాలు. మా పెళ్ళికీ ఇట్లాంటి ఒకాయనను పిలిచారు... వేదిక ఎక్కి, పక్క ఫంక్షన్‌హాలు పెళ్ళికొడుకు పేరుతో నన్ను దీవించి, గారెలు గట్టిగా ఉన్నాయని సణుగుతూ నాలుగు తిని పోయాడు. సరే, అది వదిలేయండి.

మా బడికి రావలసినాయన ఈ వారం తీరదన్నాడు. పై వారమూ తీరదన్నాడు. హెడ్మాస్టరుకేమో ఆయన లేకుండా రిబ్బను కత్తిరించే ధైర్యం లేదు. వెన్నెముక ఉండాల్సిన చోట ఆయనకు బెత్తం ఉండేది... అదీ మా మీదికి మాత్రమే లేచేది.

నారుకు ఈ మర్యాదలేం తెలుసు? జానెడు పెరిగింది. ముందు పట్టాలు మునిగాయి, తరువాత రైలు, ఆఖరికి ఊరి పేరు రాసిన పెంకు కూడా. ఎగ్జిబిషన్‌కు ముందురోజు హెడ్మాస్టరు వచ్చి చూసి అరిచాడు.

"ఏందిరా ఈ అడివి? కత్తెర దెచ్చి కోసెయ్యి!"

"పసి నారు సార్... కోస్తరా ఎవలన్న? పీకి నాటేస్తరు గని."

"అయితే పీకు."

"ఏడ నాటాలె సార్? మీ ఆఫీసుల?"

బెత్తం దెబ్బలు పడ్డాయి. బావ కత్తెర మాత్రం ముట్టలేదు. ఆయన పోయాక నేనే బతిమాలాను.

"కోసేద్దాం బావా... లేకుంటె నిజామాబాద్ లేదు, రైలు లేదు."

"పశువులు మేస్తయిరా పచ్చ నారును. మనం పశువులమా?" అన్నాడు. రైలు చెయ్యి జారుతోందని వాడికీ తెలుసు.

మర్నాడు ముఖ్య అతిథి రానే వచ్చాడు, దండల్లోంచి ముక్కు మాత్రం కనిపిస్తూ.

"రైలేదిరా?"

"లోపలున్నది సార్."

బావ దారం లాగాడు. రైలు కనబడలేదు... కానీ వరి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక గీతలా ఊగుతూ పోయింది. పైన సన్నటి పొగ. పిల్లలంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఈనాటికీ నా కళ్ళముందే ఉంది ఆ కదలిక.

పెద్దమనిషి నారును చేత్తో నిమిరి, "భేష్! మంచి పంట" అన్నాడు. ఆయనకు కనిపించింది అంతే. హెడ్మాస్టరు అక్కడికక్కడే మమ్మల్ని యంత్రాల్లోంచి తీసి వ్యవసాయంలో వేశాడు. ఫస్టు ప్రైజు! బహుమతిగా రుద్రూర్ వ్యవసాయ క్షేత్రం చూడటానికి ప్రయాణం.

"రుద్రూర్‌కు మా బాపు ఇత్తనాల కోసం ఎప్పుడూ పోతడు సార్... గాడ రైలుందా?" అని అడిగాడు బావ.

అందరూ నవ్వారు. ముఖ్య అతిథి అందరికంటే గట్టిగా.

రుద్రూర్ పోయాం. మంచివాళ్ళు, చాయ్ పోసి మడులన్నీ తిప్పి చూపించారు. బావ మాత్రం గట్టు మీద కూర్చొని వేలితో మన్నులో పట్టాలు గీశాడు.

మొన్న మా మనవరాలి బడిలో ఎగ్జిబిషన్ అంటే పోయాను. ఈ బల్ల నిండా రైలు, ఆ బల్ల నిండా రైలు. ప్లాస్టిక్ గడ్డి, మీట నొక్కితే కూత. పక్కన టై కట్టుకొని నిలబడ్డవాణ్ణి అడిగాను, "ఎవరు చేసిండ్రు బిడ్డా?" అని.

"డాడీ ఆర్డర్ పెట్టిండు తాతా."

"నువ్వు రైలెక్కినవా?"

"మస్తుసార్లెక్కిన. బోర్ తాతా."

బోర్ అట! మా బావకు మీసాలొచ్చి, పెళ్ళయిందాకా అందని రైలు వీడికి బోరు.

బావ మొదటిసారి రైలును చూసినప్పుడు పక్కన నేనే ఉన్నాను. నిజామాబాద్ ప్లాట్‌ఫారం. బండి వచ్చింది, ఆగింది. బావ నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టి గుంజినా కదలడు. బండి కదిలింది, ఆఖరి డబ్బా మలుపు దాటేదాకా చూశాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు, "మనమెక్కేది ఎప్పుడొస్తదిరా?" అని.

మేమెక్కవలసిన బండి అదే.

రైలు చూస్తూ రైలెక్కడం మరిచిపోయినవాళ్ళు ఇప్పుడు ఏ స్టేషన్‌లోనూ కనిపించరు... అందరికీ అన్నీ ముందే చూసేసిన మొహాలు. మీరు అట్లా నోరు తెరిచి నిలబడిపోయిన రోజు ఒకటుంటే కింద రాయండి, చదువుకుంటాను... బోర్ అనేవాళ్ళు మాత్రం దయచేసి పక్కకు జరగండి.