ముప్పై తొమ్మిదో క్లాజు

2019 వానాకాలం. బర్మాలో, యాంగన్‌లోని పజుండౌంగ్‌లో మా ఇంటి మేడమీద హిస్టరీ ట్యూషన్ చెప్పేవాణ్ణి. ఆ ఏడు పార్వతి అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి దలా నుంచి ఫెర్రీలో నది దాటి వచ్చేది. వాళ్ల నాన్న అప్పలస్వామి మా తెలుగువాళ్ల కోవెల్లో ముప్పై ఏళ్లు డోలు వాయించినవాడు.

ఒకరోజు సోర్స్ క్వశ్చన్ చేయిస్తున్నాను. అంటే పాత పత్రంలోని ఒక ముక్క ఇచ్చి, దాన్నిబట్టి ఏం తేలుతుందో రాయమంటారు. ఆనాటి ముక్క, 1215లో ఇంగ్లండు ప్రభువులు జాన్ రాజు మెడలు వంచి ఒప్పించిన మాగ్నా కార్టాలోని ముప్పై తొమ్మిదో క్లాజు. స్వతంత్రుడైన ఏ మనిషినీ తోటివారి తీర్పో, దేశపు చట్టమో లేకుండా పట్టుకోకూడదు, వెళ్లగొట్టకూడదు అని దాని సారం.

పార్వతి పెన్ను కింద పెట్టింది.

"సయా," అంది. ఇక్కడ మాస్టారిని అలాగే పిలుస్తారు. "మా నాన్నని కోవెలకి రావద్దన్నప్పుడు ఎవురైనా పిలిచి అడిగారా?"

నేను చేతిలోని ప్రశ్నపత్రం పక్కన పెట్టాను.

"ఆ కాయితం మీద సంతకం మీదే కదండీ."

నాదే. కోవెల కమిటీ సెక్రటరీని నేనే. పూజారిని మార్చడం తప్పని అప్పలస్వామి నలుగురిలో అన్నాడు. ప్రెసిడెంటు ఊ సింహాచలానికి కోపమొచ్చింది; పెద్దవాళ్ల పేరు ముందు ఇక్కడ గౌరవంగా 'ఊ' చేరుస్తారు. అప్పలస్వామి ఇక కోవెలకి రాకూడదంటూ ఆయన పంపిన కాయితం మీద, పెద్దాయన మాట కదా అని చదవకుండానే సంతకం పెట్టేశాను.

వచ్చిన ఆదివారం మీటింగులో విచారణ జరగాలన్నాను.

"ఈ కోవెల నిలబెట్టింది నేను. నన్నే అడుగుతారేటి మాస్టారూ?" అన్నారు ఊ సింహాచలం.

"మిమ్మల్నే అడగాలండి. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను."

ఆయన మీటింగు ముగించి లేచిపోయారు. మర్నాడు పార్వతితో, ఓడిపోయామని చెప్పాను.

"జాన్ రాజు కూడా మాగ్నా కార్టాని కొన్ని వారాలకే మతగురువు పోపు చేత కొట్టేయించాడు కదా సయా. కొడుకు కాలంలో మళ్లీ మళ్లీ రాయించారు. మీరూ మళ్లీ అడగండి."

అడిగాను. సభ్యుల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. మూడో మీటింగులో ఎక్కువమంది విచారణ కావాలని చేతులెత్తారు. ఎవరినైనా తీసేసే ముందు పిలిచి వినాలని రూలు రాసుకున్నాం. అప్పలస్వామిని పిలిచాం. ఆయన పావుగంట మాట్లాడాడు. ఊ సింహాచలం చివరిదాకా తల వంచుకుని కూర్చుని, ఆఖరున, "సరే, రానీండి," అన్నారు.

ఆ క్లాజును ఏళ్ల తరబడి మార్కుల కోసమే చెప్పాను. రాజుల అధికారానికి హద్దు ఎప్పుడు పడిందని పిల్లలడిగితే ఇప్పుడు ఒక్క ఏడాది చెప్పి ఊరుకోను. కొట్టేసిన ప్రతిసారీ మళ్లీ అడిగినవాళ్ల గురించి చెబుతాను. రాజు పక్కనే ఉండి, తలూపడం మానేసినవాళ్ల గురించి కూడా.