గడుల కాగితం మీద తీతువు

మా చిన్నప్పుడు... రాఖీ పున్నమికి, మేం బతకడానికి వెళ్లిన సూరత్‌లో మగ్గాలు రెండు రోజులు ఆగేవి. ఆ ఏడు నాయిన మమ్మల్ని కడోదరా అవతల, తనకు తెలిసిన ఒక గుజరాతీ రైతు చెరకు తోటకు తీసుకుపోయాడు. నాకు పన్నెండేళ్లు. ఏడో తరగతి.

దిగిన గంటకే వాన పట్టుకుంది... రాత్రికి రోడ్డు మునిగింది. ఇక ఎక్కడి వాళ్లం అక్కడే.

మాకిచ్చింది ఒకటే గది. రేకుల కప్పు, ముందు చిన్న వరండా. అమ్మ, నాయిన, నేను, చెల్లె లత, తమ్ముడు... అందరం అందులోనే. తడి బట్టలు లోపలే తాడు మీద ఆరేవి. ఎటు కదిలినా ఎవరి మొహానికో తడి కొంగు తగిలేది.

"జర అవతలికి జరుగు" అన్న మాట తప్ప ఆ గదిలో వేరే మాట లేదు. జరగడానికి అవతల అనేదే లేదు.

అందరూ వాన ఆగాలని చూస్తుంటే, ఆగుతుందేమోనని నా భయం. పండుగ దాటాక నన్ను బడి మాన్పిస్తామని అమ్మ ముందే చెప్పింది. నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టడానికి ఇంట్లో ఇంకో రెండు చేతులు కావాలి... పెద్దపిల్లను నేనే కదా. ఆ గది ఇరుకే. ఇల్లు చేరితే అంతకన్నా ఇరుకు.

నాయిన మిల్లులో అట్టలు కొట్టేవాడు. చీర అంచు మీద పువ్వు రావాలంటే ముందు దాన్ని గడుల కాగితం మీద గీయాలి. నింపిన ప్రతి గడికీ అట్టలో ఒక బొక్క కొట్టాలి. ఆ బొక్కలను బట్టే మగ్గం దారాలను ఎత్తుతుంది. నాయిన తెచ్చే పాత కాగితాల్లో ఖాళీ ఉన్నచోట నేను బొమ్మలు వేసేదాన్ని. గడులు లెక్కపెట్టి గీయడం తప్ప నాకు ఇంకో రకంగా గీయడం రాదు.

ఒక్క మంచి బొమ్మ చూపిస్తే, ఈ పిల్లను చదివించాలి అని ఆయనకు అనిపిస్తుందని నా ఆశ. మేం కొలిచే మార్కండేయస్వామి పటం ఇంట్లోనే ఉండిపోయింది... వాన వైపు తిరిగి దండం పెట్టుకున్నాను.

వెంట తెచ్చుకున్న గడుల కాగితాలతో వరండాలో కూర్చున్నాను. ఏ పిట్టా నిలవదు. కొంగ ముక్కుకు ఐదు గడులు లెక్కపెట్టేలోపు కొంగ లేదు. తీగ మీది నల్లపిట్ట తోక దాకా వచ్చేసరికి ఎగిరిపోయింది.

"అక్కా, తోకలు లేని పిట్టలే దొరుకుతయా ఏంది నీకు?" అని లత ఒకటే నవ్వు.

మూడో రోజు పొద్దున గట్టు మీద ఒక తీతువు కనిపించింది. గుడ్ల మీద కూర్చుంది. వాన ఎంత కొట్టినా లేవదు... తల మాత్రం తిప్పుతోంది.

అమ్మ చూసి, "గదే దొరికిందానే నీకు? అది కూస్తే మంచిది కాదంటరు" అంది.

నేను వినలేదు. ఎగిరిపోని పిట్ట నాకు అదొక్కటే.

మెడ, రెక్క, కంటి ముందరి మచ్చ... అన్నీ లెక్కపెట్టి వేశాను. తర్వాత దాని చుట్టూ చెరకు, నీళ్లు నిండిన మడి, వాన. మూడు రోజులుగా చూస్తున్న వానను ఒక్క గడి వదలకుండా పెన్సిలుతో నింపాను. వేళ్లు నల్లబడ్డాయి.

నాయినకు ఇచ్చాను. ఆయన పిట్టను చూడలేదు... గోరు పెట్టి వరుస వెంట వరుస చూసుకుంటూ పోయాడు.

"ఏందే గిదంత నలుపు?"

"వాన, నాయినా."

"గిన్ని గడులు నింపితే గిన్ని బొక్కలు గొట్టాలె. అట్ట చినిగి చేతికొస్తది బిడ్డా." కాగితం నా చేతికి తిరిగిచ్చాడు. "వాన తీసెయ్. పిట్టను ఉంచు."

ఇంకో కాగితం మీద పిట్టనొక్కదాన్నే దించాను. గట్టు లేదు, చెరకు లేదు. తెల్లటి గడుల మధ్య ఒక్కతే కూర్చుంది.

నాయిన చాలాసేపు చూశాడు. "మస్తుగ గీసినవ్" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు...

"దీన్ని కండెల కాడ కూసోబెట్టకు. చెయ్యి తిరిగింది. మిల్లు సేఠ్‌కు చూపిస్త, ఇంట్ల కూసొని డిజైన్లు గీస్తది. ఇంక బడి ఎందుకు దీనికి?"

అమ్మ సంతోషంగా నా తల నిమిరింది. లత చప్పట్లు కొట్టింది. నేను వరండా అంచుదాకా వెళ్లి నిలబడ్డాను... ముందంతా నీళ్లు. ఆ పిట్టను బడి కోసం గీశానని ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. మా ఇళ్లలో పెద్దపిల్లలంటే చెప్పింది చేసేవాళ్లే గానీ, అడిగేవాళ్లు కాదు.

మర్నాడు రోడ్డు తేలింది. ఇంటికి వచ్చాం.

తీతువు చీర అంచు అయింది. ఒక పిట్ట పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి... గజాల కొద్దీ. కంప్యూటర్లు వచ్చేదాకా ఆ గడులు నింపుతూనే ఉన్నాను. లత, తమ్ముడు చదువుకున్నారు. నాయిన మీద నాకు కోపం లేదు. తనకు తెలిసిన మేలే చేశాడు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన పేరూ తలుచుకుంటాను.

మొన్న పని దొరుకుతుందేమోనని నా పాత కాగితాలు పట్టుకుని ఒక డిజైన్ ఆఫీసుకు వెళ్లాను. లత కూతురి వయసున్న అమ్మాయి ఒకతి కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చి, ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసింది.

"బహుత్ అచ్ఛా హై, మాసీ... సర్టిఫికెట్ హై?"

లేదన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. కుర్చీ వేసి, చాయ్ తెప్పించింది.

చెయ్యి తిరిగిందని బడి మాన్పించిన రోజులు పోయాయి... పోవడమే మంచిది. ఆ గదిలో అమ్మాయిలందరూ చదువు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లే. చాయ్ తాగుతూ వాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

మీ ఇంట్లో పెద్దక్క ఏ తరగతిలో బడి మానేసింది... ఆ రోజు ఆమెకు ఏమనిపించింది? తెలియకపోతే ఇవాళే అడగండి. ఆమె ఏం చెప్పిందో ఇక్కడ రాయండి... చదువుతాను.