మౌనిక తులాభారం

తిప్పమ్మ నోట నిజం వచ్చిన రోజు ఊళ్ళో వాన పడుతుందని ఒక మాట పుట్టించారు. ఆ వైపు వానలు ఎందుకంత తక్కువో దాన్నిబట్టే తెలుసుకోవచ్చు.

నందవరానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఆమె అంగన్‌వాడీ ఆయా. యాభై ఆరేళ్ళుంటాయి. తన కోసం అబద్ధమాడడం ఆమెకు చేతకాదు. పిల్లల కోసమైతే ఊపిరి తీసినంత సులువు. గుడ్డు తినని పిల్లాడితో, "కోడి అలిగి మీ ఇంటి ముందర కూసుంటాది సూడు" అనేది. పుంటికూర పప్పు వద్దన్న పిల్లతో, "ఇది నీకు కాదులే, పెద్దోళ్ళకు. ఒక ముద్ద దొంగతనంగా పెడతా, టీచరమ్మకు సెప్పొద్దు" అనేది. టీచరమ్మ జ్యోతి అవతల నిలబడి వింటూనే ఉండేది. దొంగ ముద్దలతో గిన్నె ఖాళీ అయ్యేది.

ఆమె చిన్నతనమంతా సుగ్గిలో గడిచింది. ఆ ఊళ్ళలో పంట చేతికి రాని ఏడు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి మూటాముల్లె కట్టుకుని పోతారు, అదే సుగ్గి. పెళ్ళయ్యాక తన కొడుకునూ అట్లాగే చంకనేసుకుని పోయింది. ఎండలో, కారపు ఘాటులో, దొరికిన రోజు దొరికింది తిని పెరిగిన ఆ పిల్లాడు మూడో ఏడు దాటాక గాని నడవలేదు. ఆ సంగతి మాత్రం ఆమె ఎప్పుడూ కథలు కల్పించకుండా చెప్పేది. ఎక్కువసార్లు చెప్పేది కాదు.

సెంటర్ వెనక రెండు సెంట్ల జాగా ఉంది. విత్తనాల పొట్లాలు పై నుంచి వచ్చినప్పుడు జ్యోతి వాటిని బీరువాలో భద్రపరచబోతే తిప్పమ్మ లాక్కుంది. "బీరువాలో మొలుస్తాయా అమ్మే?" పిల్లలు చేతులు కడుక్కున్న నీళ్ళు పాదుల్లోకి మళ్ళించింది. తోటకూర, పాలకూర, టమోటా, సొర, గుమ్మడి, గోడ పక్కన రెండు మునగ చెట్లు. సంక్రాంతి దాటేసరికి గుమ్మడితీగ సెంటర్ గోడెక్కి కిటికీలోంచి లోపలికి తొంగిచూసింది.

ఆ రోజుల్లోనే అశ్విని సుగ్గికి బయలుదేరింది. రెండేళ్ళ కూతురు మౌనికను అత్త ఈరమ్మ దగ్గర వదిలి పోతూ, పోయే ముందు సెంటర్లో తూకం వేయించింది. ఎనిమిది కిలోలకు నూరు గ్రాములు తక్కువ. రిజిస్టరులో చుక్క, బరువు మరీ తక్కువని చూపే ఎర్ర గీతల్లో పడింది. ఉగాదికి ఎరుపు దాటకపోతే ఆదోని ఆస్పత్రిలో పద్నాలుగు రోజులు పెట్టాల్సిందేనని సూపర్‌వైజర్ చెప్పింది.

"అత్తా, నిన్ను నమ్మి పోతాండా," అంది అశ్విని తిప్పమ్మ చేతులు పట్టుకుని.

ఆటో కదిలిందో లేదో ఈరమ్మ అందుకుంది. "బిడ్డను శనక్కాయల మాదిరి కొక్కేనికి తగిలించి తూస్తారా? తూసినాకే చిక్కింది నా మనవరాలు. దిష్టి తగిలి సస్తాది. ఇంగ నా బొందిలో పానముండగా దాన్ని తూకమెయ్యనియ్యను."

"ఆస్పత్రికి పోవల్సొస్తాది వదినా."

"పద్నాలుగు దినాలు నా మ్యాకలను నువ్వు కాస్తావా?"

తూకం లేకుండా బిడ్డ పెరుగుతోందో తరుగుతోందో తెలిసే దారి లేదు. తిప్పమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు తెల్లవారగానే ఈరమ్మ గడపలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"రాత్రి కలలో ఈరన్నస్వామి కనపడినాడు వదినా. మౌనిక తులాభారం బాకీ ఉందన్నాడు."

ఈరమ్మ చేట పక్కన పెట్టింది. "బెల్లమా? అంత బెల్లం యాడ తెచ్చేది?"

"బెల్లం ఒద్దన్నాడు. పిల్లోళ్ళ తోటలో కాసింది ఏదైనా సరేనన్నాడు. నెలకొక తూరి, మూడు నెలలు. ఆ ప్రసాదం అమ్మకూడదంట, మ్యాకలకు ఎయ్యకూడదంట. బిడ్డ నోట్లో పడినాకే పెద్దోళ్ళు ముట్టల్లంట. ముద్ద మీద నూనె సుక్క ఎయ్యల్లంట."

"నూనె సంగతి గూడా సెప్పినాడా?"

"సెప్పినాడు. శనగనూనె."

తూకమైతే దిష్టి గాని తులాభారమైతే పుణ్యం. ఈరమ్మ ఒప్పుకుంది. ఉల్లిగడ్డల వ్యాపారం చేసే మాదన్న దగ్గర పాత తక్కెడ తెచ్చి మునగ కొమ్మకు కట్టారు. ఒక పళ్ళెంలో గంపలో కూర్చున్న, బొట్టు పెట్టుకున్న మౌనిక, రెండో పళ్ళెంలో అలాంటిదే ఇంకో గంప, అందులో గుమ్మడికాయ, రెండు సొరకాయలు, తోటకూర కట్టలు. ముల్లు సరిగ్గా నిలిచేదాకా తిప్పమ్మ ఒక్కొక్క మునగరెబ్బే వేస్తూ నోటికొచ్చిన గోవిందలు కొట్టింది.

ఈరమ్మ బిడ్డకు హారతిస్తున్న రెండు నిమిషాల్లో అసలు పని జరిగింది. తిప్పమ్మ గంపను లోపలికి ఎత్తుకుపోయి, పిల్లలను వేలాడదీసే తూకం సంచిలో కూరగాయలన్నీ కుక్కింది. కాళ్ళు దూర్చే కంతల్లోంచి అటొక సొరకాయ, ఇటొక సొరకాయ బయటికి వచ్చి వేలాడాయి. చెడ్డీ తొడుక్కున్న గుమ్మడికాయను చూసి జ్యోతి నవ్వాపుకోలేక, "ప్రభువా, ఈమెను క్షమించు," అని శిలువ గుర్తు వేసుకుని, ముల్లు చూపిన అంకె మౌనిక పేరు ఎదురుగా రాసుకుంది.

ప్రసాదమంటే ఈరమ్మకు హడలు. ఒక్క ఆకు పారేయలేదు. సొరకాయ పప్పు, జొన్నరొట్టెలో మునగాకు, గుమ్మడికాయ మెత్తగా ఉడికించి బెల్లం, నూనె చుక్క. మిగిలింది ఇరుగుపొరుగు పిల్లలకు పంచింది. సెంటర్లో గుడ్డూ పాలూ ఉండనే ఉన్నాయి. రెండో తులాభారానికి మౌనిక మూడు వందల గ్రాములు పెరిగింది. మూడో తులాభారానికి ఇంకా పెరిగింది. అక్కడే వచ్చింది చిక్కు.

మార్చి ఎండలకు తోట వాడిపోయింది. పిందెలు రాలాయి. గంపలో ఎంత సర్దినా కిలోన్నర తక్కువైంది. తిప్పమ్మ అటూ ఇటూ చూసి, చేతులు కడిగే చోట ఉన్న నల్లరాయి ఒకటి తోటకూర కింద దాచింది. తర్వాత దాన్ని తీసేసేదే. అయితే ఆ రోజు మేకలకు ఆలస్యమైందని ఈరమ్మ హారతి తొందరగా ముగించి, జ్యోతి అంకె రాసుకుని అన్నీ గంపలో తిరిగి వేసీ వేయగానే దాన్ని నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

గంటకు తిరిగి వచ్చింది. ఒక చంకలో మౌనిక, ఇంకో చేతిలో రాయి.

"దీన్ని పప్పులో ఎయ్యల్నా, తాలింపు పెట్టల్నా?"

తిప్పమ్మ రాయి అందుకోబోయింది. ఈరమ్మ ఇవ్వలేదు.

"స్వామికే రాయి పెట్టినావా తిప్పీ?"

స్వామి రాయినే కోరాడని ఒక కథ తిప్పమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో మౌనిక కిందికి జారి, నడిచి పోయి తోటలోని పండు టమోటా కోసి కొరికింది. రసం గడ్డం మీదుగా కారింది. దాన్ని చూస్తూ ఆ కథ చెప్పలేకపోయింది.

"స్వామి రాలేదు వదినా. కలా రాలేదు. మూడు తూర్లూ ఏసింది తూకమే. బిడ్డ పెరిగె, తోట తరిగె. అందుకే రాయి."

ఈరమ్మ రాయి అక్కడే పడేసి బిడ్డను ఎత్తుకుని పోయింది. మరునాడు మౌనిక సెంటర్‌కు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఉగాది తొమ్మిది రోజుల్లోకి వచ్చింది. అంకె తప్పు కాకపోయినా, రాయితో తూచింది చెల్లదని మూడో అంకెను జ్యోతి కొట్టేసింది. పండుగ ముందు సూపర్‌వైజర్ ఎదుట మళ్ళీ తూకం వేయాలి. మౌనిక గిన్నె రోజూ కడిగి బోర్లించడమే తిప్పమ్మకు మిగిలింది. పిల్లలకు కోడి అలిగిన సంగతి చెప్పడం కూడా మరిచింది. వాన పడుతుందేమోనని మాదన్న ఉల్లిగడ్డల మీద పట్ట కప్పాడు.

నాలుగో రోజు తిప్పమ్మ గుడ్డు, పాలు పట్టుకుని ఈరమ్మ ఇంటికి పోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. గడప బయటే కూర్చుంది.

"మూడు తూర్లు తూసినావు," అంది ఈరమ్మ లోపలి నుంచి. "మూడు తూర్లు దిష్టి తగిలింటాది."

"తగిలింటాది."

"ఒక్క తూరైనా తీసినావా?"

"లేదు."

"నీకు బుద్ధుందా? తూసేది తూసి, దిష్టి తీయకుండా పంపిస్తారా బిడ్డను?" ఈరమ్మ బయటికి వచ్చి పాలగ్లాసు అందుకుంది. "నువ్వు అబద్ధం సెప్పినావని కాదు నా కోపం. నువ్వు పుట్టినకాడి నుంచి అదే పని. రేపట్నించి తూకమైతానే దిష్టి తియ్యల్ల. ఎండుమిరపకాయలు నేను తెస్తా. ఇంగొకటి. అంకె పైకి సెప్పకూడదు."

పండుగ ముందు రోజు సూపర్‌వైజర్ వచ్చే సమయానికి సెంటర్ పొగతో నిండి ఉంది. నిప్పుల మీద పిడికెడు మిరపకాయలు, ఉప్పు. జ్యోతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పిల్లలు తుమ్ముతూ నవ్వుతున్నారు. సూపర్‌వైజర్ దగ్గుతూ, "ఏమిటమ్మా ఇదంతా?" అంది.

"దోమలకు మేడం," అంది తిప్పమ్మ.

మౌనికను సంచిలో కూర్చోబెట్టారు. కాళ్ళు ఊపడం ఆపితే గాని ముల్లు నిలవలేదు. జ్యోతి వంగి చూసి, పెదవి కదపకుండా రిజిస్టరులో రాసి, చుక్క పెట్టింది. సూపర్‌వైజర్ తొంగిచూసి ఏదో అనబోయింది. తిప్పమ్మ చప్పున ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టింది.

ఈరమ్మ గోడవైపు తిరిగి, రెండు చెవులూ గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. తిప్పమ్మ పోయి భుజం తట్టింది. ఈరమ్మ ఒక్క చెవి మీది చెయ్యి మాత్రం కొంచెం సడలించింది.

"అంకె సెప్పొద్దు. ఆదోనికి పోవల్నా, ఒద్దా? అంతే సెప్పు."

"ఒద్దు," అంది తిప్పమ్మ.

"నిజంగానా?"

ఆ ప్రశ్న తిప్పమ్మ మీద పనిచేయదని గుర్తొచ్చి, ఈరమ్మ జ్యోతి వైపు తిరిగింది. జ్యోతి కళ్ళు తుడుచుకుంటూ అవునని తలూపింది. మిరపకాయల ఘాటు మరి.