యాక్సెప్ట్ చెయ్యకు

బ్రెజిల్‌లోని కారువారు ఊళ్ళో సల్గాదు పేటలో జాసియారా కొట్టు తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా అదే గది, అదే రేకు తలుపు. లోపలి సామానే మారుతూ వచ్చింది. మొదట్లో ఎనిమిది కంప్యూటర్ల నెట్ సెంటర్. ఇప్పుడు ఫోన్ కవర్లు, చార్జర్లు, మూలన ఒక ప్రింటర్. యాభై మూడేళ్ళ జాసియారా మాత్రం అదే కుర్చీలో కూర్చుని, జనానికి ఎకౌంట్లు తెరిచి తెరిచి ప్రాణం విసిగిపోయి ఉంది.

ఓర్కుట్ వచ్చిన కొత్తలో పేటలో సగం మందిని అందులో చేర్చింది ఆవిడే. వాళ్ళ పాస్‌వర్డులన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో రాసిపెట్టేది. నాలుగైదేళ్ళు గడిచాయో లేదో, అందరూ మూటాముల్లే సర్దుకుని ఫేస్‌బుక్‌కి పోయారు. మళ్ళీ మొదటినుంచీ. అది కాస్త అలవాటయ్యేసరికి వాట్సాప్, ఆ వెనకే ఇన్‌స్టాగ్రామ్. ఇప్పుడేమో కొట్టు ముందు గెంతుతూ వీడియో తీసి పెడితే తప్ప కవర్లు అమ్ముడుపోవట! ఈ వయసులో ఎవరు గెంతుతారు, ఖర్మ కాకపోతే!

ఆ రోజు పొద్దున్నే పక్క వీధి ముసలమ్మ దోనా కోస్మా ఫోన్ పట్టుకుని దిగింది.

"అమ్మాయ్ జాసీ! మా మనవరాలు వేరేదానికి మారిపోయిందట. నన్నూ అందులో పడెయ్."

"మొన్ననేగా ఇన్‌స్టాలో పెట్టాను?"

"అది ముసలాళ్ళదైపోయిందటే."

"అప్పుడే?"

"నువ్వూ ముసలిదానివేగా, నీకెవరు చెప్తారులే!"

జాసియారాకి నవ్వు కూడా రాలేదు. నోటుబుక్కు తీసి కొత్త పేజీ తిప్పుతుంటే తన ఫోన్ మోగింది. చుట్టాల గ్రూపు. రోజూ పొద్దున ఆరింటికి సావొ పౌలో నుంచి చెల్లెలు నేల్మా అందులో ఒక పువ్వు బొమ్మ పెడుతుంది, శుభోదయం అని. దాని కింద జాసియారా రెండు చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. ఏడేళ్ళుగా అక్కాచెల్లెళ్ళ మాటలు అంతవరకే.

ఇప్పుడు వచ్చింది మేనత్త కూతురి జోకు. "ఓర్కుట్‌లో టెస్టిమోనియల్ పంపి, పైన 'యాక్సెప్ట్ చెయ్యకు' అని రాసేవాళ్ళం, గుర్తుందా?"

గుర్తు లేకేం! టెస్టిమోనియల్ అంటే, ఎవరైనా నీ గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపితే, నువ్వు యాక్సెప్ట్ చేశాకే అది లోకానికి కనబడేది. అందుకని గుట్టు మాటలన్నీ జనం అందులోనే పంపుకునేవారు. కంగారులో ఆ బటన్ నొక్కి కొంపలు ముంచుకున్నవాళ్ళెందరో! గ్రూపులో అందరూ పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. నేల్మా ఒక్కతే ఒక ముక్క రాసింది.

"కొందరు చదివి కూడా జవాబివ్వలేదు."

జాసియారా నోటుబుక్కు మూసేసింది.

నేల్మా లారీ డ్రైవరుతో సావొ పౌలో వెళ్ళిపోయినప్పుడు, ఒళ్ళు మండి అందరూ చూసేలా ఓర్కుట్‌లో దాని పేజీలో రాసింది తనే. "మాకు నువ్వు చచ్చావు. ఈ గడప తొక్కకు." పేటంతా చదివి చెవులు కొరుక్కుంది. రెండేళ్ళకి నేల్మా నుంచి టెస్టిమోనియల్ వచ్చింది. "అక్కా, యాక్సెప్ట్ చెయ్యకు. ఇది నీకొక్కదానికే." ఆ మొదటి లైను చూడగానే పంతం పొడుచుకొచ్చి టక్కున మూసేసింది. కోపం తగ్గాక చదవొచ్చులే అనుకుంది. తగ్గేసరికి ఊరు ఫేస్‌బుక్‌కి మారిపోయింది, తనూ మారింది. ఓర్కుట్ మూసేస్తున్నారని విని వెళ్ళి చూస్తే పాస్‌వర్డ్ గుర్తులేదు. ఊరందరివీ రాసుకున్న మనిషి తనది రాసుకోలేదు. రెండు రోజులు తిప్పలు పడింది. మూడోరోజు ఓర్కుట్టే లేదు.

"దోనా కోస్మా, సాయంత్రం రండి," అని ముసలమ్మని పంపేసి నేల్మాకి ఫోన్ చేసింది.

"ఎవరు పోయారక్కా?" అంది నేల్మా, ఎత్తగానే.

"ఎవరూ పోలేదే. ఆ టెస్టిమోనియల్... నేను చదవలేదు."

అవతల కుక్కర్ కూసింది.

"చదవలేదా?"

"మొదటి లైను చూసి మూసేశాను. అమ్మ మీద ఒట్టు. ఏం రాశావే?"

"వాడు వదిలేసి పోయాడని రాశాను. ఇంటికొస్తాను, రా అని ఒక్క ముక్క రాయమన్నాను." నేల్మా గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "సంచి సర్దుకుని మంచం కింద పెట్టుకున్నానక్కా. నెల్లాళ్ళు రోజూ నెట్ సెంటర్‌కి పోయి చూశాను. కోపంతో నువ్వు యాక్సెప్ట్ చేసి పడేసినా బావుండునే అనిపించింది. ఊరంతా నవ్వితే నవ్వనీ, చూశావని నాకు తెలిసేది."

"రా నేల్మా. ఇప్పుడు చెప్తున్నా, వచ్చెయ్."

"రానా అని అడిగింది ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. నాకిప్పుడు నలభై ఆరు. నా పనీ, పిల్లాడి చదువూ అన్నీ ఇక్కడే. ఇప్పుడెక్కడికని రాను? పోనీ అమ్మకి తెలుసా, నేను రాశానని?"

ఆ టెస్టిమోనియల్ వచ్చాక అమ్మ మూడేళ్ళు బతికింది. మంచం పట్టాక కూడా, కొట్టు మూసి ఇంటికెళ్ళగానే రోజూ ఒకటే అడిగేది: ఆ కంప్యూటర్ పెట్టెలో చిన్నదాని దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా? అమ్మ పోయిన మర్నాడే మట్టి చేశారు. సావొ పౌలో నుంచి బస్సులో రెండు రోజులకు పైనే, నేల్మా అందుకోలేకపోయింది. అది కూడా మనసులో పెట్టుకుని ఇన్నాళ్ళూ సాధించింది తను. అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు.

"తెలీదే. రోజూ అడిగేది. ఏం రాలేదమ్మా అని చెప్పేదాన్ని."

అవతల కుక్కర్ మళ్ళీ కూసింది.

"కుక్కర్ మాడిపోతోంది. పెట్టేస్తున్నా," అంది నేల్మా.

మర్నాడు ఆరింటికి గ్రూపులో పువ్వు రాలేదు. ఏడైనా రాలేదు. జాసియారా కొట్టు దాకా వెళ్ళి, రేకు తలుపు తీయకుండానే మెట్టు మీద కూలబడి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

మళ్ళీ చేసింది.