కరాచీలో చాయ్‌కి ఆగిన విమానం

మా అక్క పెళ్లిచూపులను నేనొక్కడినే, ఎవరి సాయమూ లేకుండా, ఎలా మంటగలపబోయానో చెబుతాను. నవ్వండి, ఫర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో అశ్వారావుపేటలో మా ఇంటంతటికీ నేనే మొదటి డిగ్రీవాణ్ణి. దుబాయిలో పనిచేసే అబ్బాయి గురువారం సాయంత్రం విమానమెక్కి, బొంబాయి, హైదరాబాద్ మీదుగా నేరుగా అక్కను చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. అతని ఫోటో చూసినప్పటి నుంచీ అక్క అద్దం ముందు నుంచి కదలడం లేదు.

"ఎప్పటికి చేరుతడురా?" అన్నాడు నాయన.

అట్లాసు తెరిచి, దుబాయికీ బొంబాయికీ మధ్య దారం పరిచి కొలిచాను. విమానమంటే నా దృష్టిలో రెక్కలున్న ఎక్స్‌ప్రెస్ బస్సే. మా హైదరాబాద్ బస్సు సూర్యాపేటలో చాయ్‌కి ఆగదూ? అందుకని దారిలో చాయ్‌కి, భోజనానికి, చివరికి టైరు పంక్చరుకు కూడా టైము కలిపాను.

"ఆదివారం పొద్దుగాలకు ముందైతే రాడు."

"పక్కానా?"

"లెక్క నాయనా, లెక్క!"

"అయితే సున్నాలు నిమ్మళంగ వేద్దాం" అన్నాడు నాయన.

శుక్రవారం సాయంత్రం లుంగీ ఎగ్గట్టి, నిచ్చెనెక్కి ముందు గోడకు సున్నం కొడుతున్నాను. గేటు దగ్గర ఒకతను నిలబడ్డాడు. ఒళ్లంతా దుమ్ము, భుజాన సంచి. పొద్దున రావాల్సిన కూలీ ఇప్పుడొచ్చాడనుకున్నాను.

"గిదా నువ్వొచ్చే టైము? జల్దీ గా బకెట్ అందుకో!"

"నేను..."

"కథలు తర్వాత. ముందు పట్టు!"

పాపం, పట్టుకున్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"ఎల్లుండి మా బావ దుబాయి నుంచి వస్తుండు. గిప్పుడు విమానం కరాచీల చాయ్‌కి ఆగి ఉంటది."

"విమానం చాయ్‌కి ఆగుతదా?"

"ఆగకుంటే డ్రైవర్ నిద్రపోడా? నీకేం తెలుసు! ఎప్పుడన్న ఎక్కినవా?"

"అవ్, ఎక్కిన."

"ఎప్పుడు?"

"నిన్ననే. దుబాయిల ఎక్కిన, మూడు గంటలల్ల బొంబాయిల దిగిన. చాయ్ సీటు కాడికే తెచ్చిచ్చిండ్రు."

నా చేతిలోని కుంచె జారి సరాసరి బకెట్లో పడింది. సున్నం ఎగిరి అతని మీసాలు తెల్లబడ్డాయి.

కిటికీలోంచి అక్క కేక వినిపించింది. "ఓ నాయనో, ఫోటోల ఉన్న ఆయనే!"

నాయన తువ్వాలుతో పరుగెత్తుకొచ్చాడు. నాకు నిచ్చెన దిగే ధైర్యం లేదు. అక్క ఆశపడ్డ సంబంధాన్ని చేతులారా పాడుచేశానని నిజంగానే ఏడుపొచ్చింది.

అతను మీసాలు తుడుచుకుని, కిటికీ వైపు ఒకసారి చూసి అన్నాడు. "మామా, పిల్లను నేను చూసిన, నచ్చింది. గీ మొహంతోని నేను నచ్చిన్నో లేదో అడుగుండ్రి."

"నచ్చిండు!" అంది అక్క, నాయన అడగకముందే.

ఆ క్షణమే, నిచ్చెన మీదనే, చేతికంటిన సున్నం సాక్షిగా ఒట్టుపెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ విమానం ఎప్పుడొస్తుందో ఎవరికీ చెప్పను. చెప్పలేదు కూడా. బావ మాత్రం సెలవు అయిపోయి దుబాయికి బయలుదేరినప్పుడల్లా బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి ఊరంతా వినేలా అరిచేవాడు.

"తమ్మీ! కరాచీల నీ పేరు చెప్పి చాయ్ తాగుతాలే!"