బేగంపేటకు వెళ్ళిన అంబులెన్స్

ఒక మనిషి ప్రాణం నా నోటిమాట మీద ఆధారపడిన రోజు గురించి చెబుతాను. ఆ నోరు చేసిన ఘనకార్యం విన్నాక మీరు నన్ను మీ ఇంట్లో ఫోను ముట్టుకోనివ్వరు.

అప్పట్లో అమీర్‌పేటలో జావా నేర్చుకుంటూ మధురానగర్‌లో మల్లేశన్న నడిపే హాస్టల్లో ఉండేవాణ్ణి. రెజ్యూమెలో హాస్టల్ అడ్రస్ ఉంటే ఉద్యోగం రాదని మా కోచింగ్ సారు తేల్చేశారు. "బేగంపేటలో ఏదైనా మంచి అపార్ట్‌మెంట్ పేరు రాయవయ్యా. అడిగితే తడుముకోకుండా చెప్పాలి," అన్నారు. నేను వెళ్ళి ఓ అపార్ట్‌మెంట్ బోర్డు చూసొచ్చి, నెల రోజులు అద్దం ముందు బట్టీ పట్టాను. నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేవాణ్ణి.

ఒక ఉదయం ఇడ్లీలు వడ్డిస్తూ మల్లేశన్న ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు. "ఫోన్ చెయ్యరా భాయ్, దమ్ము ఆడ్తలేదు," అన్నాడు. అందరిలోకీ బాగా మాట్లాడే మొనగాణ్ణి నేనే కదా, 108కి కొట్టాను.

"పేషెంట్ ఎక్కడున్నారు సార్?" అని ఒకావిడ నెమ్మదిగా అడిగింది. అచ్చం ఇంటర్వ్యూ గొంతు. నేను నిటారుగా నిలబడి, "సాయి సదన్, మూడో అంతస్తు, బేగంపేట," అని గడగడా అప్పజెప్పాను.

"లైన్లోనే ఉండండి సార్, ఇంకా..."

"థాంక్యూ ఫర్ ది ఆపర్చునిటీ మేడమ్," అని పెట్టేశాను.

కాసేపటికి అంబులెన్స్ డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అన్నా, వచ్చినం. మూడో అంతస్తుల పెద్దాయన మంచిగనే ఉన్నడు."

"చెమటలు పడుతున్నాయి కదండీ, సరిగ్గా చూడండి."

"లేదన్నా, చాయ్ తాగుతుండు. మమ్మల్నే తిడుతుండు."

"అదెలా అండీ, ఆయన ఇక్కడ నా ముందే పడున్నారు."

"గిక్కడంటే యాడ?"

అప్పుడు వెలిగింది నాకు. అసలు అడ్రస్ చెబుదామని నోరు తెరిస్తే మళ్ళీ "సాయి సదన్" అనే వచ్చింది. చివరికి మల్లేశన్నే నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "మధురానగర్‌ల మల్లేశ్ హాస్టల్, పార్కు ఎదురుంగ. జర జల్ది రా భాయ్," అన్నాడు. బండి వచ్చేదాకా నేను మొక్కని దేవుడు లేడు.

స్ట్రెచర్‌తో పాటు నేనూ బండెక్కబోతే, మల్లేశన్న ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, "వీన్ని ఎక్కనియ్యకుర్రి. పంజాగుట్ట దవాఖానకు పోవాల్నంటే మళ్ళ బేగంపేట తొవ్వ చూపిస్తడు," అన్నాడు. ఆ తిట్టు వింటే ఏడుపొచ్చింది నాకు, సంతోషంతో.

ఆయన బతికి బయటపడ్డాడని తెలిశాక అదే అద్దం ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే నిజంగా నిలబడ్డ చోటే చెబుతాను. వాళ్ళు పెట్టెయ్యమనేదాకా ఫోన్ పెట్టను. అబద్ధపు అడ్రస్ ఉద్యోగమిచ్చేవాళ్ళకు మాత్రమే చెబుతాను.